కొత్త బొమ్మ అంటే ఏది?

"వీటిలో అన్నిటికంటే కొత్త బొమ్మ ఏది?" అని ఎవరైనా అడిగితే, "అదేం ప్రశ్న! అన్నిటి తరువాత వచ్చిందే కొత్తది" అని మీరు ఠక్కున జవాబు చెప్పేస్తారు. జవాబు తప్పు కాదు. కాని ఆ సంగతే కంప్యూటరుకు అర్థమయ్యేలా చెప్పాలని కూర్చుంటే, ఇది అంత తేలిగ్గా తెమిలే వ్యవహారం కాదని గంట తిరక్కుండానే తెలిసివస్తుంది.

ఈ రోజుల్లో హైస్కూలు విద్యార్థులు కూడా పైథాన్ భాషలో ప్రోగ్రాములు రాస్తున్నారు. ఆ ప్రోగ్రాముల్లో తరచుగా కనబడేది ఒకటుంది. ఒక ఫోల్డరులో ఎప్పటికప్పుడు బొమ్మలు తయారవుతూ ఉంటాయి. కంప్యూటరు తెరమీద ఒక చిన్న కిటికీ తెరుచుకుని, వాటిలో సరికొత్త బొమ్మను చూపిస్తూ ఉంటుంది. అంతే. గట్టిగా లెక్కపెడితే ఇరవై వరసల ప్రోగ్రాము. అయితే ఆ ఇరవై వరసలను సాధారణంగా రాసే పద్ధతి మాత్రం నాకు బొత్తిగా నచ్చదు. తాను చూపుతున్న బొమ్మ ఎప్పటిదో చెప్పని ప్రోగ్రాము, చూసేవాణ్ణి మోసం చేసే ప్రోగ్రామేనని నా అభిప్రాయం. ఎందుకలా అంటున్నానో చెబుతాను. విన్నాక ఒప్పుకోకపోతే సంపాదకులకు ఉత్తరం రాయండి.

ముందు ఒక ప్రయోగం ఊహించుకుందాం. పళ్లెంలో తడిగుడ్డ పరచి నాలుగు పెసరగింజలు వేశారు. ఎదురుగా ఒక చిన్న కెమెరా బిగించారు. అది పది నిమిషాలకొకసారి ఫోటో తీసి కంప్యూటరుకు పంపుతుంది. అంటే గంటకు ఆరు, రోజుకు 144 ఫోటోలు. గింజ ఎప్పుడు పగిలింది, వేరు ఎటు తిరిగింది, పగటిపూట ఎక్కువ ఎదిగిందా రాత్రిపూట ఎక్కువ ఎదిగిందా, ఇవన్నీ మీరు నిద్రపోతున్నప్పుడు కూడా కెమెరా చూస్తూనే ఉంటుంది. పక్కగదిలోని కంప్యూటరు తెరమీద మాత్రం ఎప్పుడూ తాజా ఫోటో కనబడుతూ ఉండాలి. ఇదీ మన పని. పెసరగింజల బదులు కంప్యూటరు తానే గీసిన గ్రాఫులు కావచ్చు, మేఘాల బొమ్మలు కావచ్చు, మనం చెప్పిన మాటను బట్టి బొమ్మలు గీసే కృత్రిమ మేధ తయారుచేసినవి కావచ్చు. ఏవైనా పని ఒకటే.

ఈ పనికి మీరు పుట్టకముందు నుంచీ చరిత్ర ఉంది. అది కాఫీతో మొదలైంది!

1991లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు కంప్యూటరు ప్రయోగశాలలో, ట్రోజన్ రూమ్ అని పిలిచే గది దగ్గర, ఒక కాఫీ యంత్రం ఉండేది. అందరికీ కలిపి అదొక్కటే. వేరే అంతస్తుల్లో పనిచేసే శాస్త్రజ్ఞులు కాఫీ కోసం మెట్లెక్కి వచ్చేసరికి, ఒక్కోసారి కూజా ఖాళీగా వెక్కిరిస్తూ ఉండేది. క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్స్కీ అనే ఇద్దరు దీనికి ఉపాయం కనిపెట్టారు. కూజాకు ఎదురుగా ఒక కెమెరా పెట్టి, దాని బొమ్మను అందరి కంప్యూటరు తెరలమీదా ఒక మూల చిన్న కిటికీలో కనబడేలా చేశారు. ఆ ప్రోగ్రాము పేరు ఎక్స్‌కాఫీ. బొమ్మ అడ్డంగా 128 చుక్కలు, నిలువుగా 128 చుక్కలు, అంటే మొత్తం 16,384 చుక్కలు. రంగుల్లేవు. నిమిషానికి సుమారు మూడుసార్లు కొత్త బొమ్మ వచ్చేది. కూజా నిండేది నెమ్మదిగానే కాబట్టి అంతకంటే వేగం అక్కర్లేదు. 1993లో ఆ బొమ్మను ప్రపంచంలో ఎవరైనా చూడగలిగేలా ఇంటర్నెట్‌లో పెట్టారు. ఎక్కడెక్కడి వాళ్లో, తాము తాగబోని కాఫీని ఎనిమిదేళ్లపాటు చూస్తూ కూర్చున్నారు. 2001 ఆగస్టు 22న కెమెరాను ఆపేశారు. కూజాను వేలం వేస్తే 3,350 పౌన్లు పలికింది. మనుషులకు తాజా బొమ్మ మీద ఎంత మోజో చూడండి.

ఇప్పుడు ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ తెరమీద కూజా నిండుగా కనబడుతోంది. అది ఇప్పటి కూజాయేనా? కెమెరా తీగ ఊడిపోయి, గంట కిందటి బొమ్మే అలా నిలిచిపోయిందేమో? చూసేవాడికి ఎలా తెలుస్తుంది? సినిమా ఆగిపోతే వెంటనే తెలుస్తుంది. ఎందుకంటే నడుస్తున్న మనిషి నడుస్తున్నవాడు నడుస్తున్నట్టే కాలు పైకెత్తి నిలబడిపోతాడు. కాఫీ కూజా కదలదు. పెసరగింజా కదలదు, కనీసం మన కంటికి. కదలని వస్తువు బొమ్మ ఆగిపోయిందా నడుస్తోందా అన్నది కేవలం చూసి చెప్పటం ఎవరి తరమూ కాదు. కూజా విషయంలో జరిగే నష్టం వృథాగా నాలుగు మెట్లెక్కటమే. అన్ని బొమ్మలూ కాఫీ కూజాలు కావు.

ఇక పైథాన్ సంగతి. పైథాన్ అంటే కొండచిలువే అయినా, ఆ భాషకు పేరు వచ్చింది పామును చూసి కాదు, మాంటీ పైథాన్ అనే ఇంగ్లీషు హాస్య బృందాన్ని చూసి. నెదర్లాండ్స్ దేశస్థుడు గైడో వాన్ రోసమ్ 1989 చివర్లో దాన్ని మొదలుపెట్టి 1991లో లోకానికి ఇచ్చాడు. కాఫీ కెమెరా పుట్టిన సంవత్సరమే! కిటికీలు, గుండీలు, బొమ్మలు తెరమీద పెట్టటానికి దానితోపాటే టీకేఇంటర్ అనే పరికరాల పెట్టె వస్తుంది. వేరే కొనక్కర్లేదు.

సరికొత్త బొమ్మను వెతకటానికి అందరూ రాసే సూత్రం ఇది: ఫోల్డరులోని ఫైళ్ల జాబితా తీసుకో. ప్రతి ఫైలుకూ చివరిసారి మార్పు జరిగిన సమయం చూడు. అన్నిటికంటే పెద్ద సమయం ఉన్న ఫైలును తెరమీద పెట్టు. పైథాన్‌లో ఇది ఒకే ఒక్క వరసలో తేలిపోతుంది. ఆ సమయాన్ని పైథాన్ మనకు సెకన్లలో చెబుతుంది. 1970 జనవరి 1వ తేదీ, గ్రీనిచ్ కాలమానం ప్రకారం అర్ధరాత్రి నుంచి ఇప్పటికి ఎన్ని సెకన్లు గడిచాయన్నదే ఆ లెక్క. 2001 సెప్టెంబరు 9న ఆ అంకె వంద కోట్లు దాటింది. అంకె ఎంత పెద్దదైతే ఫైలు అంత కొత్తదన్న మాట. ముచ్చటైన పద్ధతే, కాదనను.

కొందరు సమయం చూడకుండా పేరును బట్టి వెతుకుతారు. బొమ్మ1, బొమ్మ2, బొమ్మ3 అని పేర్లు పెట్టుకుంటూ పోయి, చివరి పేరును తీసుకుంటారు. తొమ్మిది వరకూ బాగానే నడుస్తుంది. పదో బొమ్మ రాగానే తంటా మొదలవుతుంది. కంప్యూటరు పేర్లను నిఘంటువులో మాటల్లాగా అక్షరం తరువాత అక్షరం పోల్చి చూస్తుంది. బొమ్మ10లో "1" ముందుంది కాబట్టి, దాన్ని బొమ్మ2 కంటే ముందే పెట్టేస్తుంది! బొమ్మ9 చివరన కూర్చుని తానే కొత్తదాన్నంటుంది. అందుకే తెలిసినవాళ్లు 000001, 000002 అని ముందు సున్నాలు చేర్చి రాస్తారు. తేదీల సంగతీ అంతే. మనం తేదీ రాసేటప్పుడు రోజు, నెల, సంవత్సరం అనే వరసలో రాస్తాం. అలా పేరు పెడితే మార్చి 14వ తేదీ బొమ్మ డిసెంబరు 5వ తేదీ బొమ్మ తరువాత వచ్చి కూర్చుంటుంది. ఎందుకంటే 14 అంకె 05 కంటే పెద్దది. సంవత్సరం, నెల, రోజు అని తిరగేసి 2024-12-05లాగా రాస్తే ఈ గొడవ ఉండదు. 1988లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ప్రకటించిన 8601 నంబరు ప్రమాణం చెప్పేదీ ఈ వరసే.

"పేర్లతో తంటా ఎందుకు, సమయం చూస్తే సరిపోదా?" అంటారా? సమయం ఎవరు చెబుతున్నారు? కంప్యూటరులోని గడియారం. గడియారం తప్పైతే?

కంప్యూటరు ఆపేసి ఉన్నప్పుడు కూడా దాని గడియారం నడవటానికి లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటుంటుంది. పాతబడిన కంప్యూటర్లలో అది అయిపోతుంది. అప్పుడు కరెంటు పోయి వచ్చిందంటే, గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి, యంత్రం తయారైననాటి తేదీకో అలాంటి మరో పాత తేదీకో వెళ్లి కూర్చుంటుంది. ఇంటర్నెట్ ఉంటే మళ్లీ దిద్దుకుంటుంది. లేకపోతే? ఇప్పుడు తీసిన పెసరగింజ ఫోటోల మీద ఎప్పటిదో పాత సంవత్సరం ముద్ర పడుతుంది. మన ప్రోగ్రాము వాటిని చూసి, "ఇవి మరీ పాతవి" అని పక్కకు నెట్టేసి, నిన్నటి ఫోటోనే సరికొత్తదంటూ చూపిస్తుంది. పది నిమిషాలకొక కొత్త ఫోటో వస్తూనే ఉంటుంది, తెరమీద బొమ్మ మాత్రం మారదు. మొలక ఎదగటం మానేసిందని మీరు దిగులుపడతారు!

ప్రయోగాలు చేసే పిల్లలు ఇష్టపడే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు ఉంది. 2012లో వచ్చింది. అందులో నాలుగో తరం దాకా బ్యాటరీ గడియారమే లేదు. కరెంటు పోయి మూడు గంటల తరువాత వస్తే, ఇంటర్నెట్ దొరికేదాకా అది తాను చివరిసారి రాసిపెట్టుకున్న సమయం నుంచే లెక్క సాగిస్తుంది. అప్పుడు ఫోటోల వరస చాలావరకు సరిగానే ఉంటుంది, గంట మాత్రం తప్పు. పైగా ఫైళ్లను ఒక చోటినుంచి మరొక చోటికి ఎత్తి రాసినా సమయాలు తారుమారవుతాయి. పైథాన్‌లో "కాపీ" అనే ఆజ్ఞతో నకలు తీస్తే నకలు మీద ఇప్పటి సమయం పడుతుంది. "కాపీ2" అనే ఆజ్ఞతో తీస్తే పాత సమయం కూడా వెంట వస్తుంది. పోయిన నెల ఫోటోలను మొదటి పద్ధతిలో ఆ ఫోల్డరులోకి నకలు తీశారో, అవన్నీ ఒక్కసారిగా "సరికొత్త" ఫోటోలైపోతాయి.

అందుకని నా సలహా ఏమిటంటే, వరసకు అంకెను నమ్మండి, గంటకు గడియారాన్ని నమ్మండి, రెండూ ఫైలు పేరులోనే రాయండి. ఫోటో తీసిన క్షణంలోనే రాయాలి సుమా! అంకె పెరిగినా సమయం వెనక్కి పోయిందంటే, గడియారానికి ఏదో జబ్బు చేసిందని ప్రోగ్రాము తానే పట్టుకోగలదు.

మీరు దీన్ని చాదస్తం అనుకోవచ్చు. అయితే తీసిన సమయం వేరు, చేరిన సమయం వేరు అన్నది అంతరిక్ష శాస్త్రజ్ఞులకు రోజూ ఉండే సమస్యే. న్యూ హొరైజన్స్ అనే వ్యోమనౌక 2015 జూలై 14న ప్లూటో పక్కనుంచి దూసుకుపోయింది. అంత దూరం నుంచి రేడియో సంకేతం భూమికి చేరటానికే సుమారు నాలుగున్నర గంటలు పడుతుంది. పైగా ఆ సంకేతం ఎంత బలహీనమంటే, సమాచారాన్ని బొట్టు బొట్టుగా పంపాల్సిందే. ఆనాడు ఒక్క రోజు చుట్టుపక్కల కూడబెట్టిన సమాచారంలో చివరి ముక్క 2016 అక్టోబరు 25న గాని భూమికి చేరలేదు. పదిహేను నెలలు! ముఖ్యమనుకున్న బొమ్మలను ముందు, మిగతావాటిని తరువాత పంపారు కాబట్టి, తీసిన వరస వేరు, అందిన వరస వేరు. "ఇవాళ చేరింది కనుక ఇవాళ్టి ప్లూటో" అని మన ఇరవై వరసల ప్రోగ్రాము పొరపడి ఉండేది. శాస్త్రజ్ఞులు పొరపడలేదు, ఎందుకంటే ప్రతి బొమ్మ వెంటా అది తీసిన సమయం అంటిపెట్టుకుని వచ్చింది.

సరే, కొత్త ఫైలు ఏదో తేలింది. తెరమీద పెట్టబోతే ఇంకో మూడు గోతులున్నాయి. రెండింటిని త్వరగా దాటేద్దాం.

మొదటిది ఉడకని అన్నం. కెమెరా ప్రోగ్రాము ఫోటోను డిస్కు మీద రాయటం మొదలుపెట్టగానే ఫైలు పేరు ఫోల్డరులో ప్రత్యక్షమవుతుంది. రాయటం ఇంకా పూర్తి కాలేదు. సరిగ్గా ఆ క్షణంలో మన ప్రోగ్రాము తొంగి చూస్తే, ఆ సగం ఫైలే అన్నిటికంటే కొత్తది! తెరిచి చూస్తే సగం బొమ్మో, తప్పు సందేశమో వస్తుంది. వంటింట్లో గిన్నెలో ఉడికాకే విస్తట్లో వడ్డిస్తాం కదా, అలాగే కెమెరా ప్రోగ్రాము ముందు వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక అసలు పేరుకు మార్చాలి. ఒకే డిస్కులో పేరు మార్చటం ఒక్క దెబ్బతో అయిపోతుంది. సగం మారిన పేరంటూ ఉండదు. పీఎన్‌జీ రకం బొమ్మల్లో ఇంకో సదుపాయం కూడా ఉంది. ఫైలు చివర "ఇక్కడితో అయిపోయింది" అని చెప్పే ఒక ముక్క తప్పకుండా ఉండాలి. అది లేదంటే బొమ్మ ఇంకా పొయ్యి మీదే ఉందన్న మాట.

రెండోది నిద్రపోయే సర్వరు. ఐదు సెకన్లకొకసారి ఫోల్డరు చూడాలంటే, చాలామంది "చూడు, ఐదు సెకన్లు నిద్రపో, మళ్లీ చూడు" అని రాస్తారు. కిటికీ ప్రోగ్రాము హోటల్లో సర్వరులాంటిది. ఏ బల్ల దగ్గరనుంచి పిలుపు వస్తుందోనని ఎప్పుడూ చెవులు రిక్కించి ఉండాలి. వాణ్ణి నిలబెట్టి నిద్రపుచ్చితే ఎవరు పిలిచినా పలకడు. కిటికీ జరగదు, మూసుకోదు, బిగుసుకుపోతుంది. దీనికి టీకేఇంటర్‌లో "ఆఫ్టర్" అనే ఆజ్ఞ ఉంది. "ఐదువేల మిల్లీసెకన్ల తరువాత నాకు గుర్తుచెయ్యి" అని చీటీ ఇచ్చి, సర్వరు తన పనిలోకి పోతాడు.

మూడోది మాత్రం కాస్త వింతైనది. కొత్తగా నేర్చుకునేవాళ్లను ఇంతగా ఏడిపించేది మరొకటి లేదు. బొమ్మను చదివారు, కిటికీలో పెట్టారు, ప్రోగ్రాములో తప్పేమీ లేదు, తప్పు సందేశమూ రాలేదు. అయినా తెరమీద ఖాళీ చోటు! బొమ్మ ఏమైంది? పైథాన్‌కు ఒక అలవాటుంది. ప్రతి వస్తువునూ ఎంతమంది పట్టుకుని ఉన్నారో అది లెక్కపెడుతూ ఉంటుంది. పట్టుకున్నవాళ్లు ఒక్కరూ లేరని తేలగానే, దాన్ని చెత్త కింద జమకట్టి పారేస్తుంది. జ్ఞాపకశక్తి నిండిపోకుండా ఇది అవసరమే. మీరు బొమ్మను ఒక చిన్న ఉపప్రోగ్రాములో చదివి కిటికీకి ఇచ్చారు. ఆ ఉపప్రోగ్రాము ముగియగానే అక్కడి పేర్లన్నీ మాసిపోతాయి. మరి కిటికీ పట్టుకుని లేదా? లేదు! కిటికీ దగ్గర ఉన్నది బొమ్మ పేరు రాసిన చీటీ మాత్రమే, బొమ్మ కాదు. టీకే అనే ఆ కిటికీల యంత్రం పైథాన్ కంటే వేరు, దాని లెక్క పైథాన్ లెక్కలోకి రాదు. గాలిపటం దారం అందరూ వదిలేస్తే అది ఎటో పోయినట్టు, బొమ్మ మాయమవుతుంది. మీరు ఆ బొమ్మకు ప్రోగ్రాము ఉన్నంతకాలం ఉండే ఒక పేరు పెట్టి దారం పట్టుకుంటే చాలు, పోదు. అన్నట్టు, జేపెగ్ రకం ఫోటోలైతే టీకేఇంటర్ ఒక్కటీ తెరవలేదు. పిల్లో అనే మరో పెట్టె తెచ్చుకోవాలి.

నాకు ఈ మూడో గోతి మీద పెద్దగా కోపం లేదు. బొమ్మ మాయమైతే మాయమైనట్టు కనబడుతుంది, మీరు వెతుకుతారు. నిజాయితీగల తప్పది. కోపమంతా దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న మరో అలవాటు మీద.

పైథాన్‌లో "ట్రై", "ఎక్సెప్ట్" అని రెండు మాటలున్నాయి. "ఈ పని ప్రయత్నించు, ఏదైనా తప్పు జరిగితే ఇలా చెయ్యి" అని చెప్పటానికి అవి. చాలా మంచి ఏర్పాటు. కాని ఏదైనా తప్పు జరిగితే ఏం చెయ్యాలన్న చోట కొందరు "పాస్" అని రాసి ఊరుకుంటారు. అంటే, "ఏమీ జరగనట్టు ముందుకు పో" అని. ఫోల్డరు ఖాళీగా ఉందా? పాస్. ఫైలు సగమే ఉందా? పాస్. కెమెరా పాడైందా, డిస్కు నిండిందా, తీగ ఊడిందా? పాస్, పాస్, పాస్! ఇన్ని జరిగినా తెరమీద మాత్రం చివరిసారి బాగా వచ్చిన బొమ్మ చక్కగా, నిబ్బరంగా నిలబడి ఉంటుంది. ప్రోగ్రాము "ఆగకుండా నడుస్తోంది" అని రాసినవాడు సంతోషిస్తాడు. మీరు స్వయంగా రాసినా, కృత్రిమ మేధ చేత రాయించుకున్నా, ఈ మాట ఎక్కడైనా కనబడితే అక్కడ వేలు పెట్టి "ఎందుకు?" అని అడగండి.

ఇప్పుడు పెసరగింజలను వదిలి ఆకాశంలోకి చూద్దాం. 1977 నవంబరు 19న తుఫాను ఉప్పెన దివిసీమను ముంచి వేలమందిని పొట్టనబెట్టుకుంది. అప్పటికి మనకు మేఘాలను పైనుంచి ఎప్పుడూ కనిపెట్టి చూస్తుండే సొంత ఉపగ్రహం లేదు. 1983 ఆగస్టు 30న ఇన్సాట్-1బి వెళ్లాకే ఆ పని సాగింది. తరువాత ఎన్నో వెళ్లాయి. 2016లో ఇన్సాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరి 17న ఇన్సాట్-3డీఎస్, రెండూ మన శ్రీహరికోట నుంచే పైకెళ్లాయి. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండి, ఇలాంటి ఉపగ్రహాలు సుమారు అరగంటకొకసారి మేఘాల బొమ్మ పంపుతాయి. వాటిని ఎవరైనా చూడవచ్చు, తన కంప్యూటరులో దింపుకోవచ్చు, మన ఇరవై వరసల ప్రోగ్రాముతో చూపించవచ్చు కూడా. బంగాళాఖాతంలో తుఫాను ఉన్న రోజున, రేవులో కూర్చుని ఆ తెరవైపు చూస్తున్నవాణ్ణి ఊహించండి. తుఫాను సుడి తీరానికి ఇంకా చాలా దూరంలో కనబడుతోంది. బొమ్మ ఆరు గంటల కిందటిదని అతనికి ఎవరూ చెప్పలేదు. తుఫాను గంటకు 15 కిలోమీటర్ల వేగంతో కదులుతున్నా, ఆ ఆరు గంటల్లో 90 కిలోమీటర్లు దగ్గరకు వచ్చేసి ఉంటుంది.

ఉపగ్రహాల బొమ్మలు తయారుచేసేవాళ్లు ఈ ప్రమాదం ఎరిగినవాళ్లు. అందుకే బొమ్మ మీదనే తేదీ, సమయం అచ్చువేసి పంపుతారు. అక్కడా మనం జాగ్రత్తగా ఉండాలి. ఆ సమయం సాధారణంగా యూటీసీ అనే ప్రపంచ కాలమానంలో ఉంటుంది. మన కాలమానం కాకినాడకు దగ్గరగా పోయే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని పట్టుకుని లెక్కించినది కాబట్టి, దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. బొమ్మ మీద 06.00 అని ఉంటే ఉదయం ఆరు గంటలనుకోకండి. మన లెక్కలో అది పగలు 11.30.

నా మాటకు కొందరు అడ్డు చెబుతారని నాకు తెలుసు. "బొమ్మ కింద అంకెలు రాస్తే అందం చెడుతుంది" అని ఒక వాదన. గోడమీద తగిలించే పటానికైతే ఒప్పుకుంటాను. "అసలేమీ లేకపోవటం కంటే పాత బొమ్మైనా నయం కదా" అని మరో వాదన. ఇందులో కొంత నిజముంది. ఆరు గంటల కిందటి తుఫాను బొమ్మ కూడా ఉపయోగపడేదే, అది ఆరు గంటల కిందటిదని తెలిస్తే. పాత బొమ్మను తీసేసి తెర ఖాళీ చెయ్యమని నేననటం లేదు. "చూసేవాడికి ఆ మాత్రం తెలియదా?" అని మూడో వాదన. తెలియదు. కదలని వస్తువు సంగతి ముందే చెప్పుకున్నాం.

మరి ఏం చెయ్యాలి? బొమ్మ కింద తీసిన తేదీ, సమయం చూపండి. దాని పక్కనే, తీసి ఎంతసేపైందో కూడా చూపండి: "3 నిమిషాల 12 సెకన్ల కిందటిది" అని. ఈ అంకె సెకను సెకనుకూ పెరుగుతూ ఉండాలి. దీనివల్ల రెండు లాభాలు. బొమ్మ వయసు తెలుస్తుంది. పైగా, కదలని కూజా పక్కన కదిలే వస్తువు ఒకటి వచ్చి చేరింది. సెకన్ల అంకె నిలిచిపోయిందంటే ప్రోగ్రామే బిగుసుకుపోయిందని చూసినవాడికి ఇట్టే అర్థమవుతుంది. పది నిమిషాలకొక ఫోటో రావలసిన చోట 25 నిమిషాలు దాటినా రాకపోతే, బొమ్మ చుట్టూ ఎర్రగీత గీసి "కొత్త ఫోటో రావటం లేదు" అని తెలుగులోనే పెద్ద అక్షరాలతో రాయండి. బొమ్మ వయసు సున్నాకంటే తక్కువగా తేలితే, అంటే ఇంకా రాని సమయంలో తీసినట్టు కనబడితే, "గడియారం చూసుకోండి" అని రాయండి. అన్నీ కలిపి మహా అయితే ఇంకో ఇరవై వరసలు.

కంప్యూటరు పాఠాలు చెప్పే మాస్టార్లకు కూడా ఒక మనవి. ఇలాంటి ప్రోగ్రామును పరీక్షించేటప్పుడు కొత్త బొమ్మ వస్తోందా లేదా అని మాత్రమే చూసి మార్కులు వేస్తున్నారు. విద్యార్థి చూడకుండా కెమెరా తీగ ఊడదీసి, చేతి గడియారం పట్టుకుని నిలబడండి. బొమ్మ రావటం లేదన్న సంగతి తెరమీద ఎన్ని నిమిషాలకు తెలుస్తుందో చూడండి. నన్నడిగితే సగం మార్కులు దానికే వేస్తాను.